గోడలు కూల్చేముందు రిజిస్టర్లు తెరవండి

మానుకోట (మహబూబాబాద్), వరంగల్ ప్రాంతంలో పాత మిషన్ చర్చిలను చూసుకుంటున్న సంఘ పెద్దలకు, గురువులకు, వారసత్వ కట్టడాల బాధ్యత ఉన్న అధికారులకు, కాలేజీల్లో చరిత్ర చెప్పే అధ్యాపకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మాది కాజీపేట నుంచి డోర్నకల్ పోయే రైలు పట్టాల పక్కన ఒక పేట. పేట పేరు, చర్చి పేరు కావాలనే రాయడం లేదు. ఎవరినో బజారుకీడ్చడం మా ఉద్దేశం కాదు. పైగా ఇది మా ఒక్క పేట ముచ్చటే అయితే ఇంత పొడుగు ఉత్తరం అక్కర్లేదు. ఈ లైను పొడుగునా పాత మిషన్ చర్చి ఉన్న ప్రతి ఊరికీ ఇవాళో రేపో వచ్చే సమస్యే ఇది.

సంగతి ఇదీ. మా పేట నడుమ ఉన్న పాత చర్చిని పడగొట్టి, ఆ జాగాలో పెద్ద స్లాబు చర్చి, రోడ్డు వైపు కిరాయికి మడిగెలు (దుకాణాల గదులు) కట్టాలని నిర్ణయించారు. కొత్త చర్చి వద్దని మేం అనడం లేదు. జనం పెరిగారు. పండుగ వస్తే సగం మంది బయట షామియానా కింద కూర్చోవాల్సి వస్తోంది. మేం ముఖ్యంగా అడిగినవి మూడు: పడగొట్టే ముందు ఆ కట్టడాన్ని తెలిసినవాళ్లకు చూపించండి, బీరువాలో ఉన్న పాత రిజిస్టర్లకు నకళ్లు తీయించండి, సమాధుల తోట జోలికి పోకండి.

అర్జీ రాసి కమిటీకి ఇచ్చాం. తీసుకున్నారు, జవాబు లేదు. పై ఆఫీసుకు పంపితే లోకల్ కమిటీనే అడగమన్నారు. సోమవారం అర్జీలు తీసుకునే సార్లకు ఇస్తే అది మత సంస్థ ఆస్తి, మేం వేలు పెట్టలేం అన్నారు. పాత కట్టడాల సంగతి చూసే ఆఫీసులో ఒకాయన మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మీది గుడా, కోటా?" అని అడిగాడు. చర్చి అనగానే ఫైలు మూసేశాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేవాళ్లు లేకే నలుగురి ముందు పెడుతున్నాం.

కమిటీలో ఒక పెద్దమనిషి ఇంకో మాట కూడా అన్నారు: "నువ్వు సంఘంలో మెంబరువు కూడా కాదు, నీకెందుకయ్యా ఈ పంచాయితీ?" మర్యాదగానే అన్నారు, మర్యాదగానే జవాబు చెప్తాను. నేను పలక పట్టింది ఆ చర్చి వరండాలో. వానొస్తే బడి చర్చి లోపలికి మారేది. అన్ని కులాల పిల్లలం ఆ బెంచీల మీదే ఎక్కాలు అప్పజెప్పినం. మా అవ్వ నీళ్లు తోడుకుంది కాంపౌండ్ బాయిలో. ఊరి బాయి దగ్గరికి కొందరిని రానియ్యని రోజుల్లో ఆ ఒక్క బాయికే ఎవరి చేద వాళ్లు వేసుకునే వీలుండేది. ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లు కొందరే అయినా, ఆ చర్చి చుట్టూ పెరిగింది పేట మొత్తం.

మా పేట ఎట్లా పుట్టిందో తెలియకపోతే ఇది అర్థం కాదు. కాబట్టి కొంచెం వెనక్కి పోతాను.

1871లో జియలాజికల్ సర్వే ఉద్యోగి డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. ఆ బొగ్గును బయటికి మోయాలంటే రైలు కావాలి. నిజాం రైల్వే లైను సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా సాగి, 1889 నాటికి బెజవాడకు చేరింది. మధ్యలో డోర్నకల్ దగ్గర ఇల్లందు గనులకు కొమ్మ లైను వేశారు. డోర్నకల్ జంక్షన్ అయింది. పట్టాలు వేయడానికి, కట్ట పోయడానికి, కంకర కొట్టడానికి మనుషులు కావాలి. దొర దగ్గర జీతం చేసే, అంటే ఏడాది పొడుగునా పాలేరుగా ఉండే ఇళ్ల నుంచి, వెట్టి తప్పించుకోవాలనుకున్న వాడల నుంచి మనుషులు వచ్చారు. లైను పక్కన గుడిసెలు పడ్డాయి. మా పేట ఆ గుడిసెల్లోంచి వచ్చిందే. 1929లో కాజీపేట నుంచి బల్లార్షా వైపు లైను కలిసి ఢిల్లీ, మద్రాసు రైళ్లు ఇటే రావడం మొదలయ్యాక ఇంకిన్ని గుడిసెలు లేచాయి.

మిషన్ వచ్చిన తీరు కూడా విచిత్రమే. మిషనరీ అనగానే తెల్లదొర కళ్లముందుకొస్తాడు. డోర్నకల్ కథ అది కాదు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, నిజాం రాజ్యంలోని మానుకోట తాలూకాను ఎంచుకున్నారు. అందులో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. పల్లెటూరి పాస్టరు కొడుకు. 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చాడు. మొదట్లో కాపురం గుడారంలో. తెలుగు ఇక్కడికొచ్చే నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని బిషప్పుగా చేశారు. ఇంగ్లండు చర్చి శాఖ అయిన ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో నిలబడి, మీరు మా బీదలకు మీ ఆస్తులిచ్చారు, మీ ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని తెల్లవాళ్ల మొహం మీదే అడిగిన మనిషి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన డోర్నకల్ ఎపిఫనీ కథెడ్రల్ చూడండి. గుమ్మటాలు, మినార్లు మసీదు తీరు, స్తంభాలు గుడి తీరు, మీద సిలువ. ఆ కట్టడం ఎవరిని ఉద్దేశించి కట్టారో చూస్తేనే తెలుస్తుంది. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు, సమాధి అక్కడే ఉంది.

మా చర్చి అంత పెద్దదేం కాదు. రాతి గోడ, గానుగ సున్నం, టేకు దూలాలు, బెంగుళూరు పెంకు. గంట కొనే స్తోమత లేక రైలు పట్టా ముక్క ఒకటి వేపచెట్టుకు వేలాడదీశారు. ఇప్పటికీ దాన్నే కొడతారు. శంకుస్థాపన రాయి గోడలోనే ఉంది గానీ రంగు మీద రంగు పూసి అంకెలు కనపడకుండా చేశారు. ఎవరి దగ్గరన్నా పాత ఫోటో ఉంటే పంపండని వాట్సాప్‌లో పెడితే పెళ్లి ఫోటోలే వచ్చాయి. పెళ్లికూతురి వెనక అర గోడ కనిపిస్తుంది, అంతే.

ఇక అసలు విషయానికొస్తాను. చాలా ఏళ్ల కింద, అప్పటి అయ్యగారు (పాస్టరు) ఒకరు బీరువా తాళం తీసి ఒక రిజిస్టరు నా ముందు పెట్టారు. వెడల్పాటి పుస్తకం, తోలు వీపు ఊడి దారాలు తేలాయి. గళ్ల మీద అచ్చు ఇంగ్లీషులో, గళ్ల లోపల రాత తెలుగులో. నల్లగా రాసిన సిరా తేనెరంగుకు తిరిగింది. బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ, పేరు, తల్లిదండ్రులు, ఊరు, వృత్తి, చివర గురువు సంతకం. పెద్దవాళ్ల దగ్గర పక్కన పూర్వపు పేరు కూడా రాశారు. మల్లయ్య దేవదానం అయ్యాడు, ఎల్లయ్య ఏలియా అయ్యాడు, పోచమ్మ రత్నమ్మ అయింది. వయసు దగ్గర "సుమారు 30", "సుమారు 45". పసిపిల్లల దగ్గరికొచ్చేసరికి సుమారు లేదు. రోజు, నెల, సంవత్సరం పక్కాగా ఉన్నాయి.

ఆ పుస్తకంలో వృత్తి అన్న ఒక్క గడిని పైనుంచి కిందికి చదువుకుంటూ పోయాను. మొదటి పేజీల్లో వరుసగా జీతగాడు, జీతగాడు, కూలి, తోలు పని, జీతగాడు. కొన్ని పేజీలు పోయాక గ్యాంగ్‌మన్ వచ్చాడు. తర్వాత బొగ్గు బాయి కూలి, పాయింట్స్‌మన్, ఫైర్‌మన్. ఇంకా ముందుకు పోతే తండ్రి గడిలో టీచరు. తర్వాత కొత్త రిజిస్టరులో తల్లి వృత్తి కూడా రాయడం మొదలుపెట్టారు, నర్సు అని. జీతగాడి మనవరాలు నర్సు కావడానికి ఎన్ని పేజీలు పట్టిందో అందులో లెక్కపెట్టుకోవచ్చు. ఇట్లాంటి చరిత్ర పుస్తకం ఇంకొకటి మా పేటకు లేదు.

సర్కారు రికార్డులు లేవా అంటారు. ఉన్నాయి. నిజాం కాలం రికార్డు ఉర్దూలో ఉంటుంది, అందులో ఎక్కింది భూమి, శిస్తు, పట్టాదారు. తర్వాత 1954–55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు వచ్చింది. ఇవాళ్టికీ భూమి తగాదా వస్తే అందరూ దాని దగ్గరికే పరుగెత్తుతారు. కానీ గుంట భూమి లేని జీతగాడి పేరు పట్వారీ పుస్తకంలో ఎందుకుంటుంది? మా పేట తాతల పేర్లు ఇంట్లోవాళ్ల పేర్లతో కలిపి కాగితం మీదికి మొదటిసారి ఎక్కింది ఈ రిజిస్టర్లలోనే.

ఇంకో సంగతి చెప్తే ఒళ్లు మండుతుంది. మెదక్ వైపు పనిచేసిన వెస్లియన్ (ఇంగ్లండు మెథడిస్టు) మిషనరీలు తమ దేశానికి రాసుకున్న ఉత్తరాలు లండన్‌లో సోవాస్ అనే యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు పోయి చదువుకుంటారు. మన గురించి వాళ్లేమనుకున్నారో ఆ ఉత్తరాల్లో దొరుకుతుంది. మనవాళ్ల పేర్లు మాత్రం ఇక్కడ చెదలు పట్టిన బీరువాలో, పాత క్రిస్మస్ స్టార్ల కింద పడి ఉన్నాయి.

పట్టించుకోకపోతే మామూలు జనానికి ఏం నష్టమో వరుసగా రాస్తున్నాను. అర్జీలో రాసినవే, కొంచెం వివరంగా.

1. వయసు రుజువు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అది పల్లెల్లో సరిగ్గా అమలయ్యేసరికి ఇంకా చాలా కాలం పట్టింది. ఇవాళ అరవై దాటిన మా పేటవాళ్లలో చాలామందికి పుట్టిన సర్టిఫికెట్ లేదు. ఆధార్ తీసేటప్పుడు సుమారు వయసు చెబితే జనవరి 1 అని వేసి ఇచ్చారు. ఒక ఇంట్లో తల్లికి, కొడుకుకు, కోడలికి అందరికీ జనవరి ఒకటే పుట్టినరోజు. నవ్వొస్తుంది గానీ, పింఛను దగ్గర, రిటైర్మెంటు దగ్గర, వారసుల ఉద్యోగం దగ్గర ఏడుపొస్తుంది. బడి రికార్డులో ఒక వయసు, సర్వీసు పుస్తకంలో ఒక వయసు, ఆధార్‌లో ఒక వయసు. అట్లాంటప్పుడు పుట్టిన కొత్తలో రాసిన బాప్తిస్మ రిజిస్టరు నకలు చేతిలో ఉంటే కనీసం వాదించడానికి ఒక ఆధారం ఉంటుంది. 2023 సవరణ తర్వాత, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే అన్నిటికీ మూలం. వాళ్లకు బాధ లేదు. బాధంతా వాళ్ల తాతలకు, నానమ్మలకు. వాళ్లు బతికుండగానే ఈ పేజీలు కావాలి.

మా పక్కింటి పెద్దమ్మ ఒకామె ఇదే పని మీద పోతే, రిజిస్టరు దొరకలేదు, మళ్లీ రమ్మన్నారట. ఆమె రైలు దిగి నడవలేక ఆటోకు డబ్బులు పెట్టుకుని పోయింది. దొరకలేదన్న మాట నిజమా, వెతికే ఓపిక లేదా? మాకు చెప్పేవాళ్లు లేరు.

2. సమాధుల తోట. మడిగెల ప్లానులో దారి వెడల్పు చేయడానికి తోట గోడ లోపలికి జరుగుతుందని విన్నాం. ముందు వరుసలో ఉన్నవి పాత సమాధులు. కొన్నిటి మీద కడప బండ, కొన్నిటి మీద మట్టి దిబ్బ, నాటిన రాయి. బండ ఉన్నవాటికి అడిగేవాళ్లుంటారు. దిబ్బల కింద ఉన్నది కలరా, ప్లేగు, మలేరియా రోజుల్లో పోయిన కూలీలు, బాలింతలు, చంటిపిల్లలు. వాళ్ల పేర్లు ఖననం రిజిస్టరులో ఉంటాయి, ఏ దిబ్బ ఎవరిదో పాత కాపలాదారుకు నోటిలెక్కన తెలుసు. ఆయనకు చూపు మందగించింది. రిజిస్టరు, ఆయన నోటిమాట రెండూ కలిపి ఒక పటం గీయడానికి ఒక పూట చాలు. జేసీబీ వచ్చాక ఎన్ని పూటలైనా లాభం లేదు.

3. కట్టడం. గోడలు పెచ్చులూడుతున్నాయి కాబట్టి బలం పోయింది అంటున్నారు. ఎందుకు ఊడుతున్నాయో అడగాలి కదా. సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి వదులుతుంది. కొన్నేళ్ల కింద దాని మీద సిమెంటు పూత వేసి, మీద ఆయిల్ పెయింట్ కొట్టారు. తేమ లోపలే ఉండిపోయి సున్నం పొడి అవుతోంది, పూత పొక్కి రాలుతోంది. పైకప్పులో పగిలిన పెంకులు మార్చకపోవడంతో నీళ్లు దూలం చివరల్లోకి దిగుతున్నాయి. ఇది ముసలితనం కాదు, చేసిన రిపేరే రోగం. సిమెంటు గీకి మళ్లీ సున్నం పూస్తే నిలబడుతుందేమో చెప్పగల ఇంజినీర్లు మన దగ్గరే ఉన్నారు. కాకతీయుల గుళ్లు బాగుచేసిన అనుభవం ఉన్న ప్రాంతం ఇది. నిలబడదని వాళ్లు రాసిస్తే మేం నోరెత్తం. కాంట్రాక్టరు మాట మీద మాత్రం నమ్మం, ఎందుకంటే ఆయనకు పడగొడితేనే పని.

4. బడి. చర్చితో పాటు పాత బడి గదులు కూడా పోతున్నాయి. బడి మూతబడి చాలా కాలమైంది, కానీ అడ్మిషన్ రిజిస్టర్లు ఆ గదిలోనే ఉన్నాయి. మా వాడల్లో మొదట చదువుకున్న ఆడపిల్లల పేర్లు అందులో ఉన్నాయి. టీసీ పోగొట్టుకున్న ముసలివాళ్లకు అదొక్కటే దిక్కు.

5. బాయి, దారి. కాంపౌండ్ మధ్యలోంచి స్టేషనుకు నడిచే దారి మా తాతల నాటిది. ప్లానులో అది లేదు.

ఇక్కడ ఒక భయం గురించి దాచకుండా మాట్లాడాలి. రిజిస్టర్లు బయటపెట్టాలంటే సంఘంలోనే కొందరు వెనకాడుతున్నారు. దానికి కారణముంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాత 1956లో, 1990లో వచ్చిన సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి పోయిన దళితులు మన దగ్గర బీసీ–సి. ఒకే ఇంట్లో అన్నకు ఒక సర్టిఫికెట్, తమ్ముడికి ఒకటి ఉన్న కుటుంబాలున్నాయి. తాత బాప్తిస్మం పేజీ ఎవరి చేతిలోనన్నా పడితే మనవడి ఉద్యోగానికి ఎసరు వస్తుందేమోనన్న టెన్షన్ ఊరికే పుట్టింది కాదు. ఆ చట్టం న్యాయమా కాదా అన్నది ఇంకో పెద్ద చర్చ, కోర్టుల్లో నడుస్తోంది. మేం చెప్పేదల్లా ఒకటే: భయం ఉంది కాబట్టి తాళం వేసి చెదలకు వదిలేయడం పరిష్కారం కాదు. నకలు తీసి, ఎవరు చూడొచ్చో ఎవరు చూడకూడదో నియమం పెట్టుకోవడం పరిష్కారం. అందుకే ఈ పేజీలను నెట్‌లో పెట్టమని మేం అడగడం లేదు. పెడతామంటే మేమే అడ్డుపడతాం.

చర్చి చరిత్ర చర్చివాళ్లదే అనే పెద్దలకు ఒకటి రెండు గుర్తుచేస్తాను. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టింది మెథడిస్టు డాక్టరమ్మ ఇసబెల్ కెర్. దానికి డబ్బు సాయం చేసింది నిజామాబాద్ నర్సాగౌడ్. ఆయన హిందువు. మెదక్ చర్చి గోడలు లేచింది 1914లో కరువు పనిగా, చుట్టుపక్కల ఊళ్ల కూలీలు గంజి తాగి రాళ్లు మోస్తే. 1924 క్రిస్మస్ నాడు తలుపులు తెరిచారు. ఆ కూలీలందరూ క్రైస్తవులేనా? కాజీపేటకు ఆ పేరు దర్గా పెద్దల వల్ల వచ్చిందంటారు, అదే ఊళ్లో ఇంకో వైపుకు ఫాతిమానగర్ అని పేరు కథలిక్ చర్చి వల్ల వచ్చింది. 1952లో వరంగల్ మేత్రాసనం (కథలిక్ బిషప్పు కింద ఉండే ప్రాంతం) ఏర్పడి, ఇటలీ నుంచి వచ్చిన బిషప్ బెరెట్టా కాలంలో అక్కడ బడులు, హాస్టళ్లు లేచాయి. ఇవాళ ఆటోవాడికి ఫాతిమానగర్ అని చెప్తే ఏ మతమని అడగడు, ఎక్కించుకుంటాడు.

వరంగల్ చరిత్ర అంటే వేయిస్తంభాల గుడి, ఖిల్లా, రామప్ప. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినరోజు మేమూ పేటలో మిఠాయి పంచాం. వాటి పక్కన పెట్టి పోల్చమని అడగడం లేదు. కేంద్ర చట్టం ప్రకారం వందేళ్లు నిండితే గానీ రక్షిత కట్టడం కాదు. మా చర్చి లాంటివి ఆ గీతకు అటూ ఇటూ ఉన్నాయి. గీత దాటేలోపే కూలిపోతున్నాయి. కానీ రాష్ట్రం 2017లో సొంతంగా వారసత్వ చట్టం చేసుకుంది. దాన్ని రాజులు కట్టినవాటికే వాడాలని ఎక్కడా రాయలేదు కదా.

కాబట్టి మా డిమాండ్లు ఇవి:

1. పడగొట్టే పని మొదలుపెట్టకముందే బాప్తిస్మం, వివాహం, ఖననం రిజిస్టర్లకు, బడి అడ్మిషన్ పుస్తకాలకు పేజీ పేజీకి ఫోటోలు తీయించాలి. స్కానర్ కోసం ఆగక్కర్లేదు, మంచి ఫోనుతో పగటి వెలుతురులో తీసినా చదవొచ్చు. చిరిగిన చోట దయచేసి ప్లాస్టరు అంటించకండి, లామినేషన్ చేయించకండి. అవి కాగితాన్ని ఇంకా త్వరగా తినేస్తాయి.

2. ఎవరైనా తమ ఇంటివాళ్ల పేజీ అడిగితే గురువుగారి సంతకంతో నకలు ఇవ్వాలి. ఎన్ని రోజుల్లో ఇస్తారో నోటీసు బోర్డు మీద రాయాలి. వందేళ్లు దాటిన పేజీలను పరిశోధకులకు చూపించొచ్చు. తర్వాతివి ఆ కుటుంబానికి తప్ప ఎవరికీ చూపించొద్దు.

3. సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజినీరుతో చర్చిని పరీక్ష చేయించి, ఆ రిపోర్టు పేట అందరి ముందు చదవాలి. కట్టడం ఉంచుకునే వీలుంటే పక్కనున్న ఖాళీ జాగాలో కొత్తది కట్టుకోండి, పాతదాన్ని ఆదివారం బడికో, లైబ్రరీకో వాడుకోండి. వీలులేదంటే కనీసం కొలతలు, ఫోటోలు తీసి, శంకుస్థాపన రాయి, పట్టా గంట, దూలాలు భద్రం చేయండి. దూలాలు టేకువి. వాటి మీద ఎవరి కన్ను ఉందో మాకూ తెలుసు.

4. సమాధుల తోట గోడ ఒక్క అడుగు కూడా జరగొద్దు. కాపలాదారును కూర్చోబెట్టి పటం గీయించాలి.

5. అధికారులకు: ఉమ్మడి వరంగల్ జిల్లాలో పాత చర్చిలు, మిషన్ బడులు, ఆసుపత్రులు, వాటితో పాటు రైల్వే కట్టడాలు, దర్గాలు, ఊరి బడులు ఎక్కడెక్కడున్నాయో ఒక జాబితా తయారుచేయండి. రక్షిస్తారా లేదా తర్వాత సంగతి, ముందు ఉన్నాయని రాసుకోండి. ప్రైవేటు ఆస్తి అని చేతులు దులుపుకోకండి. మీ జాబితాలో పేరుంటే పడగొట్టే ముందు ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

6. చరిత్ర అధ్యాపకులకు: ఏటా మీ పీజీ విద్యార్థులు ప్రాజెక్టులు రాస్తారు. కాకతీయుల మీద రాసినవాటికి కొరత లేదు. ఒక్క ఏడాది నలుగురు పిల్లల్ని మా లైను మీదికి పంపండి. తిండి, వసతి మేం చూసుకుంటాం. ముసలివాళ్ల మాటలు రికార్డు చేసుకోవడానికి ఇంకా కొద్దిమంది మిగిలారు. గ్యాంగ్‌లో పనిచేసినవాళ్లు, బైబిల్ ఉమెన్‌గా (ఇంటింటికీ పోయి బైబిలు చెప్పే ఆడవాళ్లుగా) ఊళ్లు తిరిగినవాళ్లు, బోర్డింగ్‌లో పెరిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు మిషన్‌ను పొగుడుతారని అనుకోకండి. బోర్డింగ్‌లో తిన్న దెబ్బలు, సంఘంలోనే మాల మాదిగ తేడాలు, వేరే వరుసల్లో కూర్చున్న రోజులు కూడా చెప్తారు. అవీ రాసుకోండి.

7. దారి సంగతి ప్లానులో చేర్చండి.

కోత పండుగ కానుకలు అయ్యాక పని మొదలవుతుందని వింటున్నాం. అంటే ఎక్కువ టైము లేదు. ఫోటోలు తీయడానికి డిగ్రీ చదివే పిల్లలు మా పేటలో సిద్ధంగా ఉన్నారు, సంఘంలోవాళ్లూ ఉన్నారు, బయటివాళ్లూ ఉన్నారు. పుస్తకాలు బీరువా దాటి బయటికి రానక్కర్లేదు. గురువుగారు, కమిటీలో ఇద్దరు కూర్చుని ఉండగా అక్కడే తీస్తాం, ఫైళ్లు మీ చేతికే ఇస్తాం, మా ఫోన్లలో ఒక్క పేజీ ఉంచుకోం. మెమరీ కార్డులు, హార్డ్ డిస్కు ఖర్చు పేట చందాలో వేసుకుంటుంది. మీరు చేయాల్సింది తాళం తీసే రోజు చెప్పడమే. అది కూడా కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. నోటిమాటలు విని విసిగిపోయాం.

ఇట్లు,
పేటవాసుల తరఫున,
మిషన్ బడి పాత విద్యార్థి ఒకరు